నేను చెరిపేసిన గీత

మొన్న మా పాత బడిలో కొత్తగా చేరిన టీచర్లు ఇద్దరు ఖరగ్‌పూర్‌ ఝపటాపూర్‌ పేటలో మా ఇంటికి వచ్చారు. చిన్నపిల్లలకు చెట్టును చూసి బొమ్మ వేయడం ఎలా నేర్పాలో చెప్పమన్నారు. "మీరు బాగా నేర్పేవారట కదా" అన్నారు. టీ ఇచ్చాను, తెలిసిన నాలుగు మాటలు చెప్పి పంపించాను. చెప్పాల్సిన అసలు సంగతి మాత్రం చెప్పలేదు. వాళ్ళు వీధి చివర ఆటో ఎక్కేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను గాని వెనక్కి పిలవడానికి నోరు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ళిద్దరూ చదివితే చాలు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న అక్కడే ఫిట్టరు. నేను నిమ్‌పురా క్వార్టర్లలో పుట్టి, ఆ దగ్గర్లోని తెలుగు బడిలోనే చిన్న తరగతుల టీచరునై, అక్కడే రిటైరయ్యాను. బొమ్మల పీరియడ్ నా నెత్తిన పడింది గాని నాకు బొమ్మలు వచ్చి కాదు. శుక్రవారం ఆఖరి పీరియడ్ ఎవరికీ అక్కర్లేక నాకు వచ్చింది, అంతే.

మొదట్లో అందరిలాగే నేనూ బోర్డు మీద చెట్టు వేసేదాన్ని. రెండు నిలువు గీతలు, పైన మేఘంలాంటి గుండ్రం, అందులో ఎర్రటి చుక్కలు. పిల్లలు అది దించుకునేవారు. ఒకసారి కాపీలు దిద్దుతూ ఒక పిల్లాణ్ణి ఆ ఎర్ర చుక్కలేమిటని అడిగాను. "యాపిల్స్ టీచర్" అన్నాడు. యాపిల్ చెట్టు ఎప్పుడైనా చూశావా అంటే, బోర్డు మీద చూశానన్నాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన ముప్పై ఒక్కమంది పిల్లలు ముప్పై ఒక్క యాపిల్ చెట్లు వేసి ఇచ్చారు. కిటికీలోంచి చేయి చాపితే అందేంత దగ్గరలో, మా బడి ఆవరణలో తురాయి చెట్టుంది. బెంగాలీలు కృష్ణచూడ అంటారు. దాన్ని ఒక్కరూ వేయలేదు.

మరుసటి శుక్రవారం చాపలు పట్టుకుని అందరినీ ఆ చెట్టు ముందు కూర్చోబెట్టాను. తలా ఒక అట్ట, దాని మీద క్లిప్పుతో కాయితం. ముందు కాసేపు పెన్సిల్ పట్టుకోకూడదు. చూడాలి. తర్వాత వెళ్ళి చెట్టును ముట్టుకుని రావాలి. అప్పుడు గీయాలి. తెలిసింది గీయొద్దు, కనిపించింది గీయమన్నాను. ఇంతకు మించి నా దగ్గర విద్యేమీ లేదు.

వాళ్ళు ఏం గీశారనుకున్నారు! ఒకడు వేర్ల దగ్గర మొదలుపెట్టి, వేర్లతోనే కాయితం నింపేసి, చెట్టుకి చోటు లేదని ఇంకో కాయితం అడిగాడు. ఒక పిల్ల చెట్టు మానేసి, దాని మీద పాకుతున్న చీమల బారు ఒక్కటే వేసింది. ఇంకొకడు కొమ్మలకు వేలాడే పొడుగు కాయల్ని కత్తులనుకుని, కింద ఇద్దరు సైనికుల్ని కూడా పెట్టాడు. కనిపించిందే గీయమన్నాను కదరా అంటే, "ఇప్పుడే ఇంటికెల్లిపోనారు టీచర్" అన్నాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పీరియడ్‌కి పేరొచ్చింది. వేరే బళ్ళ నుంచి టీచర్లు వచ్చి చూసి వెళ్ళేవారు. మా హెడ్మాస్టారు వచ్చిన వాళ్ళందరికీ మా చెట్ల బొమ్మలు చూపించేవారు. నేను పైకి ఏమీ అనేదాన్ని కాదు గాని, శుక్రవారం వస్తే మంచి చీర కట్టుకునేదాన్ని. తప్పు అక్కడ మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఏడు మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఆయా. ఆదివారం చర్చికి వేసుకునే గౌనే శుక్రవారం బడికి కూడా వేసుకొచ్చేది, ఎందుకో అడగలేదు. అన్నింటిలో వెనకే. చదవమంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోయేది. అన్నం దగ్గర కూడా అందరూ చేతులు కడుక్కున్నాక ఇంకా తింటూ ఉండేది. మేం టీచర్లం స్టాఫ్ రూములో ఆ పిల్ల గురించి మాట్లాడుకునేటప్పుడు మందకొడి అనేవాళ్ళం. నేనూ అన్నాను.

మార్చి నెల. తురాయి ఆకు రాల్చేసి బోడిగా ఉంది. బడి వార్షికోత్సవం దగ్గర పడింది, పెద్ద ఆఫీసరొకరు వస్తున్నారు. ఈసారి హాలు గోడ నిండా పిల్లల చెట్ల బొమ్మలే పెడదామన్నారు హెడ్మాస్టారు. నేను ప్రతి కాయితం దగ్గరా నిలబడి చూస్తున్నాను. ఆ పిల్ల దగ్గరకు వచ్చేసరికి, కాండం రెండుగా చీలే చోట నుంచి కిందికి వంకరగా ఒక నల్లటి గీత కనిపించింది. ఎంత నొక్కి గీసిందంటే కాయితం వెనక్కి పొంగింది.

"ఇదేటే, మరకలాగ?"

"మరక కాదు టీచర్. సెట్టుకి ఉంది."

"నీడై ఉంటాది."

"నీడైతే కదులుతాది కదేటి. ఇది పొద్దున్నా అక్కడే ఉంది, మజ్జానమూ అక్కడే ఉంది."

ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకే గీతను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి, పోల్చుకుని, నీడ కాదని తేల్చుకుని వచ్చి చెబుతోంది. ఇరవై అడుగులు నడిచి చూస్తే సరిపోయేది. నడవలేదు. గోడ మీద ఆ నల్ల గీత ఎలా కనిపిస్తుందో అదొక్కటే ఆలోచించాను. రబ్బరు తీసి చెరిపేశాను. బాగా నొక్కి గీసింది కాబట్టి పూర్తిగా పోలేదు. దాని మీద నా పెన్సిల్‌తో కాండాన్ని నున్నగా లాగి, కాయితం వెనక "చెట్టు శుభ్రంగా వేయాలి" అని రాశాను.

ఆ పిల్ల ఏడవలేదు. నా చేతిలో రబ్బరు వైపు చూసింది, తర్వాత చెట్టు వైపు చూసింది. ఏది నమ్మాలో తేల్చుకుంటున్నట్టు.

వార్షికోత్సవం బాగా జరిగింది. ఆఫీసరు గోడ ముందు నిలబడి, ఎంత నీటుగా వేశారో అన్నారు. నాకు శాలువా కప్పారు.

నేను ఆ గీత చెరిపేసిన మూడు వారాలకు, మళ్ళీ ఒక శుక్రవారం. ఆఖరి పీరియడ్. చెట్టు కింద చాపలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టాను. పొద్దుటి నుంచి ఉక్క. వాయవ్యం వైపు ఆకాశం నల్లబడుతోందని తెలుసు, ఇంకా అరగంట పడుతుందిలే అనుకున్నాను. ఈ ఊళ్ళో పుట్టిన దాన్ని, కాల్‌బైశాఖి గాలివాన ఎంత వేగంగా వస్తుందో నాకు ఒకరు చెప్పాలా? చెప్పింది మా వంట మాసీ. బడిలో మధ్యాహ్న భోజనం వండే బెంగాలీ ఆవిడ. ఇందా అనే పేట నుంచి సైకిలు మీద వచ్చేది. పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది, టీచర్లను మాత్రం దిదిమొణీ అనేది. వంటపాక దగ్గర డేక్సాలు తోముతూ తలెత్తి అరిచింది.

"దిదిమొణీ, పిల్లల్ని లోపలికి తీసుకెల్లండి! ఝడ్ వచ్చేస్తంది!"

మాట పూర్తయ్యేలోపే గాలి లేచింది. దుమ్ముతో కళ్ళు కనిపించలేదు. పిల్లలు అరుచుకుంటూ వరండాలోకి పరిగెత్తారు. నేను లెక్కపెట్టుకున్నాను. అందరూ ఉన్నారు. అప్పుడు చూస్తే అట్టలు, కాయితాలు చెట్టు కిందే ఉండిపోయాయి, గాలికి లేస్తున్నాయి.

"మాసీ! ఆ అట్టలు! తడిసిపోతాయి!" అన్నాను.

నేను వెళ్ళలేదు. ఆవిడను పంపించాను. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని పరిగెత్తింది. అట్టలు ఏరి ఛాతీకి అదుముకుని లేస్తుండగా పైన పెద్ద చప్పుడైంది. గూడ్స్ బండి కప్లింగు పడ్డట్టు. రెండు కొమ్మల్లో మా వైపున్నది, మనిషి నడుమంత లావున్నది, చీలిన చోట నుంచి విరిగి వచ్చి పడింది.

ఆ తర్వాత నాకు వరసగా గుర్తు లేదు. కొమ్మల కింద ఆవిడ చేయి. చేతిలో ఇంకా అట్టలు. హెడ్మాస్టారు, నేను, రోడ్డు మీద పోతున్న గ్యాంగ్‌మెన్ నలుగురు కలిసి కొమ్మ లేపాం. ప్రాణం ఉంది. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో రాడ్ వేశారు. ఆరు నెలలు లేవకూడదన్నారు.

బడిలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తుఫాను కొట్టింది, కొమ్మ విరిగింది, పిల్లలు బతికిపోయారు, అదే చాలన్నారు అందరూ. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నం చేశాను. సోమవారం బడికి వెళ్ళి, విరిగిన చోటు చూసేదాకా. లోపలి చెక్కంతా నల్లగా, తడిగా, పుచ్చిపోయి ఉంది. బయటి నుంచి ఆ పుచ్చు సన్నటి వంకర గీతగా కిందికి దిగింది.

బీరువా తెరిచి వార్షికోత్సవం కాయితాలు తీశాను. తలుపు వేసుకుని ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. ఒక్క ఆ పిల్లే అనుకున్నాను. కాదు. ఏడు కాయితాల్లో ఆ గీత ఉంది. కొందరు మెల్లగా వేశారు, కొందరు రెండు చుక్కలు పెట్టి వదిలేశారు. ఏడింటి మీదా నా రబ్బరు నడిచింది, నాకే గుర్తు లేదు. కనిపించింది గీయమని పిల్లలకు చెప్పింది నేను. వాళ్ళు చూసి చెప్పారు. నేను చెరిపేశాను.

కాయితాలు తీసుకెళ్ళి హెడ్మాస్టారి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన మంచివాడు. రెండేళ్ళలో రిటైరయ్యేవాడు, గొడవలంటే భయం. కాయితాలన్నీ చూసి, వాటిని దొంతరగా సర్ది నా వైపు తోశారు.

"అమ్మా, కొమ్మ ఇరిగింది గాలికి. ఇయన్నీ ఇప్పుడు బయటికి తీస్తే మీకు మంచిది కాదు, బడికీ మంచిది కాదు. లోపల పెట్టియ్యండి."

"రెండో కొమ్మ ఇంకా ఉంది మాస్టారూ. ఒకటో తరగతి కప్పు మీదికి ఉంది."

"దాన్ని మాలీ సూసినాడు కదా. బాగానే ఉందన్నాడు."

రైల్వే తోటల విభాగం నుంచి వచ్చిన మాలీ విరిగిన కొమ్మ ముక్కలు కొట్టించి, మిగతా చెట్టు గట్టిగానే ఉందని చెప్పి వెళ్ళిన మాట నిజమే. ఆయన కింద నిలబడి పైకి చూశాడు. మేమూ అంతే చూశాం.

ఆ శుక్రవారం పిల్లల్ని మళ్ళీ బయటికి తీసుకెళ్ళాను. చెట్టు కిందికి కాదు, దూరంగా గేటు పక్కకి. రబ్బర్లన్నీ ముందే తీసేసుకున్నాను. చెట్టు చుట్టూ నాలుగు వైపుల నుంచీ దూరంగానే నిలబడి చూడండి, ఏం కనిపిస్తే అది వేయండి అన్నాను. అందరూ మొదలుపెట్టారు. ఆ పిల్ల మాత్రం అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గియ్యవేటమ్మా?"

"గియ్యను."

"ఎందుకే?"

"గీస్తే మీరు సెరిపేస్తారు."

చుట్టూ ఉన్న పిల్లల పెన్సిళ్ళు ఆగిపోయాయి. టీచరుకు అలా ఎదురు చెప్పిన పిల్లకు ఏమవుతుందో చూద్దామని అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. అన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లల ముందు తప్పైందని ఒప్పుకోవలసిన అవసరం నాకు రాలేదు. వచ్చిందేమో, నేనే గమనించలేదు. ఆ పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను.

"ఆ రోజు నువ్వు గీసింది నిజం. నేను ఎల్లి సూడకుండా సెరిపేసినాను. నాది తప్పు. నువ్వు సెప్పింది ఇన్నుంటే మాసీ కాలు ఇరిగేది కాదు."

తరగతి మొత్తం వినేలాగే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక పిల్లాడు మెల్లగా, "నేను కూడా గీసినాను టీచర్, నాది కూడా సెరిపేసినారు" అన్నాడు. అవును, నీది కూడా అన్నాను. ఇంకో ఇద్దరు చేతులెత్తారు. వాళ్ళకూ అవునన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. ఆలోచించడంలోనూ మెల్లే. తర్వాత లేచి, అట్ట పట్టుకుని చెట్టు చుట్టూ దూరంగా తిరిగింది. బడి గంట కొట్టాక కూడా తిరుగుతూనే ఉంది. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. వాళ్ళమ్మ తీసుకెళ్ళడానికి వచ్చి గేటు దగ్గర నిలబడితే, కాసేపు ఆగమన్నాను. చివరికి కాయితం తెచ్చి నా చేతిలో పెట్టింది. గోడ వైపు, మనుషులెవరూ వెళ్ళని పక్క, వేరు మొదట్లో మూడు చిన్న గొడుగుల్లాంటివి వేసింది. వాటి పైన ఒక నల్లటి చోటు.

ఈసారి నడిచాను. గోడకూ చెట్టుకూ మధ్య సందులో దూరి, పక్కకు ఒరిగి చూస్తే కుక్కగొడుగులు ఉన్నాయి. వాటి పైన బెరడు మీద వేలు పెట్టాను. వేలు రెండు కణుపుల దాకా లోపలికి దిగిపోయింది.

మర్నాడు ఆ కాయితం, పాత ఏడు కాయితాలు పట్టుకుని మళ్ళీ హెడ్మాస్టారి దగ్గరకు వెళ్ళాను. ఈసారి ఆయన్ని సందులోకి తీసుకెళ్ళి ఆయన వేలు కూడా పెట్టించాను. ఆయన ఆఫీసులోకి వెళ్ళి తోటల విభాగానికి తన చేత్తోనే ఉత్తరం రాశారు. అందులో చివరి వాక్యం నాకు గుర్తుంది. "ఈ సంగతి మా మూడో తరగతి విద్యార్థులు ముందే గుర్తించినారు, మేము పట్టించుకోలేదు." ఆ 'మేము' ఆయన నా కోసం రాశారు. ఆయనకు ఆ అవసరం లేదు.

ఒకటో తరగతి పిల్లల్ని హాల్లోకి మార్చాం. మాలీ నిచ్చెన, గొడ్డలి తెచ్చాడు. గొడ్డలి వెనక్కి తిప్పి కాండం మీద కొడితే డోలు మీద కొట్టినట్టు బోలుగా మోగింది. "హాయ్ రామ్" అన్నాడు. చెట్టు మొత్తం తీసేశారు. రెండు రోజులు పట్టింది.

ఇక మాసీ సంగతి. అన్నింటికంటే ఇది చెప్పడమే కష్టం.

ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఇందాలో వాళ్ళింటికి వెళ్ళాను. ఒకే గది. మంచం మీద కాలు చాపుకుని కూరగాయలు తరుగుతోంది. నన్ను చూసి నవ్వింది. బడిలో వంట ఎవరు చేస్తున్నారు, పప్పు మాడ్చేస్తున్నారా అని అడిగింది. నేను ఆ పిల్ల కాయితం తీసి ఇచ్చి అంతా చెప్పాను. రబ్బరు గురించీ చెప్పాను. అట్టల కోసం నేనే పంపించానన్న సంగతి ఆవిడకు తెలుసు, అయినా అదీ చెప్పాను.

ఆవిడ కాయితాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. నేను చెరిపినా, ఆ పిల్ల నొక్కిన గాడి అలాగే ఉంది. దాని మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరిపింది.

"ఎప్పుడు గీసింది ఇది?"

"కొమ్మ ఇరగడానికి మూడు వారాల ముందు."

"తీన్ హప్తా" అంది. కాయితం తిరిగి ఇచ్చి కూరగాయల పళ్ళెం దగ్గరకు లాక్కుంది. పోనీలే దిదిమొణీ అంటుందని నేను ఎదురు చూస్తున్నానని ఆ క్షణంలో నాకే తెలిసి సిగ్గేసింది. అనలేదు. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. టీ ఇచ్చింది, మామూలుగానే మాట్లాడింది. ఆ మాట మాత్రం అప్పుడూ అనలేదు, ఎప్పుడూ అనలేదు. మీరు కూడా పిల్లల దగ్గర, పెద్దల దగ్గర తప్పు ఒప్పుకోండి గాని, బదులుగా ఏదో వస్తుందని ఒప్పుకోకండి. పిల్లలు తొందరగా మరిచిపోతారు. పెద్దవాళ్ళకు విరిగిన కాలు రోజూ గుర్తుచేస్తుంది.

పూజా సెలవులయ్యాక ఆవిడ తిరిగి పనిలోకి వచ్చింది. సైకిలు తొక్కలేక ఆటోలో. కాస్త కుంటుతోంది. పిల్లలందరూ చుట్టూ మూగారు. రాడ్ ఎక్కడుందో చూపించమన్నారు. చూపించింది. వాళ్ళను తరగతుల్లోకి తోలాక నన్ను అడిగింది.

"ఆ గీత గీసిన పిల్ల ఎవరు?"

పిలిపించాను. ఆ పిల్ల వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏదో తప్పు చేశాననుకుని గౌను అంచు పిసుకుతోంది. మాసీ ఆ పిల్ల భుజం మీద చేయి వేసి, కుంటుకుంటూ వంటపాకలోకి తీసుకెళ్ళింది. ఆరు నెలలు ఎవరూ సరిగ్గా చూసుకోని పాక.

"పొయ్యి ఇంకా ఎలిగించలేదు. నువ్వు మొత్తం సూసి సెప్పు. భాలో కోరే దేఖ్, బాగా సూడు."

ఆ పిల్ల మెల్లగా తిరిగింది. గోడలు చూసింది, పొయ్యి కింద వంగి చూసింది, డేక్సాలు పెట్టే చెక్క బల్లను చేత్తో కదిపి చూసింది. తర్వాత మెడ వెనక్కి వాల్చి కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. మాసీ తొందరపెట్టలేదు. కాలు నొప్పెట్టి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుంది గాని కూర్చోలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"మూడో రేకు కింద దూలానికి సెద పట్టింది మాసీ" అంది ఆ పిల్ల. "ఆ మూల మేకు కూడా ఒచ్చేసింది."

మాసీ పైకి చూడలేదు. పిల్ల చెప్పింది నిజమో కాదో సరిచూసుకోలేదు. నా వైపు తిరిగింది.

"దిదిమొణీ, రాసుకోండి."

చేతి సంచీలోంచి పుస్తకం తీసి, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టుగా రాసుకున్నాను.